అంతర్గత రక్తస్రావం - అత్యవసర నర్సింగ్ పరిశీలన

అంతర్గత రక్తస్రావం అనగా రక్తనాళాల నుండి వెలువడిన రక్తం శరీరం బయటకు రాకుండా లోపలి కుహరాలలోనో, కండరాల నడుమనో చేరడం. రోడ్డు ప్రమాదాలు, ఎత్తు నుండి పడిపోవడం, బలమైన మొద్దు దెబ్బలు, కత్తిపోట్లు, తుపాకీ గాయాలు దీనికి ముఖ్య కారణాలు. అత్యవసర విభాగానికి వచ్చిన క్షతగాత్రులలో ఈ రక్తస్రావాన్ని సకాలంలో పసిగట్టడానికి నర్సు క్రమపద్ధతిలో చేసే పరిశీలన గురించి ఈ వ్యాసం వివరిస్తుంది.

బయటి గాయం నుండి కారే రక్తం అందరికీ కనిపిస్తుంది. లోపల కారే రక్తానికి నాడి, చర్మం, శ్వాస, స్పృహ, మూత్ర పరిమాణాలలో కలిగే మార్పులే ఆనవాళ్ళు. ఆరోగ్యవంతుడైన యువకునిలో దాదాపు మూడవ వంతు రక్తం నష్టమయ్యే వరకు కూడా రక్తపోటు సాధారణంగానే కనిపించవచ్చు. అందువలన రక్తపోటు బాగున్నదని నిశ్చింతగా ఉండరాదు. ఒక్కసారి తీసిన కొలత కంటే మరల మరల తీసిన కొలతల మధ్య తేడాకు ఈ పరిశీలనలో విలువ ఎక్కువ. రోగి పక్కన ఎక్కువ సమయం ఉండేది నర్సు కాబట్టి ఆ తేడాను మొదట గుర్తించే అవకాశం కూడా సాధారణంగా నర్సుకే ఉంటుంది.

చరిత్ర

తీవ్రంగా గాయపడినవారికి తొలి గంటలో అందే చికిత్స ప్రాణరక్షణకు కీలకమనే భావనను అమెరికాలోని బాల్టిమోర్ నగరానికి చెందిన శస్త్రవైద్యుడు ఆర్ ఆడమ్స్ కౌలీ ప్రచారంలోకి తెచ్చాడు. దీనినే "గోల్డెన్ అవర్" అంటారు. 1976 ఫిబ్రవరిలో జేమ్స్ స్టైనర్ అనే ఎముకల వైద్యుడు స్వయంగా నడుపుతున్న చిన్న విమానం నెబ్రాస్కా రాష్ట్రంలోని ఒక పొలంలో కూలిపోయింది. అతని భార్య మరణించింది. పిల్లలు తీవ్రంగా గాయపడ్డారు. స్థానికంగా వారికి అందిన చికిత్సలో ఒక పద్ధతి, క్రమం లేవని గ్రహించిన స్టైనర్, తోటి వైద్యులు, నర్సులతో కలిసి ఒక శిక్షణను రూపొందించాడు. 1978లో మొదలైన ఈ శిక్షణను 1980లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్ స్వీకరించింది. ఇదే అడ్వాన్స్డ్ ట్రామా లైఫ్ సపోర్ట్. ప్రాణానికి ముందుగా ముప్పు తెచ్చే సమస్యను ముందుగా చూడాలన్నది దీని మూల సూత్రం. నర్సులకు ప్రత్యేకించిన ట్రామా నర్సింగ్ కోర్ కోర్సును అమెరికాలోని ఎమర్జెన్సీ నర్సుల సంఘం ఇదే సూత్రంపై నడుపుతున్నది.

రక్తం దాగే స్థలాలు

ప్రాణాపాయం కలిగించేంత రక్తం చేరగల చోట్లు ఐదు. "నేల మీద ఒకటి, లోపల నాలుగు" అని విద్యార్థులు గుర్తుంచుకోవచ్చు. నేల మీది రక్తం అనగా బట్టలపై, స్ట్రెచర్‌పై, ప్రమాద స్థలంలో పోయిన రక్తం. మిగిలిన నాలుగు:

* ఛాతీ: ఊపిరితిత్తి చుట్టూ ఉండే పొరల నడుమ రక్తం చేరడాన్ని హీమోథొరాక్స్ అంటారు. ఛాతీలో గొట్టం వేసిన వెంటనే 1500 మి.లీ. కంటే ఎక్కువ రక్తం వస్తే దానిని భారీ హీమోథొరాక్స్‌గా లెక్కిస్తారు.
* ఉదరం: మొద్దు దెబ్బలలో ప్లీహం, కాలేయం ఎక్కువగా దెబ్బతింటాయి. చాలా రక్తం చేరినా కడుపు ఉబ్బినట్లు కనిపించకపోవచ్చు.
* కటి వలయం, ఉదరం వెనుక భాగం: కటి ఎముకలు విరిగినప్పుడు అక్కడి సిరల నుండి, ధమనుల నుండి లీటర్ల కొద్దీ రక్తం వెనుక భాగంలోకి చేరగలదు.
* పొడవైన ఎముకలు: తొడ ఎముక విరిగితే చర్మం చెక్కుచెదరకపోయినా తొడ కండరాలలోకి 1500 మి.లీ. వరకు రక్తం పోవచ్చు. పిక్క ఎముక లేదా భుజం ఎముక విరిగితే 750 మి.లీ. వరకు పోవచ్చు.

తలలోపలి రక్తస్రావం ఎంతో ప్రమాదకరమైనదే అయినప్పటికీ, పెద్దవారి పుర్రెలో షాక్ కలిగించేంత రక్తం పట్టే చోటు లేదు. కాబట్టి తలకు దెబ్బ తగిలిన వ్యక్తి షాక్‌లో ఉంటే, రక్తం ఇంకెక్కడో పోతున్నదని భావించి వెదకాలి. పుర్రె ఎముకలు ఇంకా కలవని పసిపిల్లలకు ఈ నియమం వర్తించదు.

శరీర ప్రతిస్పందన

పెద్దవారి శరీరంలో కిలో బరువుకు సుమారు 70 మి.లీ. చొప్పున, అనగా 70 కిలోల వ్యక్తిలో దాదాపు 5 లీటర్ల రక్తం ఉంటుంది. రక్తం తగ్గగానే శరీరం అడ్రినలిన్ వంటి హార్మోన్లను విడుదల చేస్తుంది. గుండె వేగం పెరుగుతుంది. చర్మం, ప్రేగులు, మూత్రపిండాలకు పోయే రక్తనాళాలు ముడుచుకొని, మిగిలిన రక్తాన్ని గుండెకు, మెదడుకు మళ్ళిస్తాయి. చర్మం చల్లబడడం, పాలిపోవడం, చెమట పట్టడం, మూత్రం తగ్గడం ఈ కారణంగానే జరుగుతాయి. రక్తపోటును నిలబెట్టేది కూడా ఈ సర్దుబాటే. ఇది విఫలమైనప్పుడు రక్తపోటు ఒక్కసారిగా పడిపోతుంది.

రక్త నష్టాన్ని బోధన సౌలభ్యం కోసం నాలుగు తరగతులుగా విభజించారు. ఈ అంకెలు 70 కిలోల పెద్దవారికి సంబంధించినవి.

* మొదటి తరగతి: 15 శాతం లోపు, అనగా 750 మి.లీ. వరకు. నాడి నిమిషానికి 100 లోపు ఉంటుంది. రోగి కొద్దిగా ఆందోళనగా ఉండవచ్చు.
* రెండవ తరగతి: 15 నుండి 30 శాతం, అనగా 750 నుండి 1500 మి.లీ. నాడి 100 దాటుతుంది, శ్వాస వేగం పెరుగుతుంది, చర్మం చల్లబడుతుంది. సిస్టాలిక్ రక్తపోటు మాత్రం సాధారణంగానే ఉంటుంది.
* మూడవ తరగతి: 30 నుండి 40 శాతం, అనగా 1500 నుండి 2000 మి.లీ. నాడి 120 దాటుతుంది, రక్తపోటు పడిపోతుంది, మూత్రం బాగా తగ్గుతుంది, మాటలో తికమక కనిపిస్తుంది.
* నాల్గవ తరగతి: 40 శాతం పైన, అనగా 2000 మి.లీ. కంటే ఎక్కువ. రోగి మగతలోకి జారుకుంటాడు. మూత్రం దాదాపు ఆగిపోతుంది. వెంటనే రక్తం ఎక్కించి, రక్తస్రావాన్ని ఆపకపోతే మరణం సంభవిస్తుంది.

నిజ జీవితంలో రోగులందరూ ఈ పట్టికను అనుసరించరు. వయస్సు, వాడుతున్న మందులు, నొప్పి, భయం ఈ అంకెలను మార్చివేస్తాయి. కాబట్టి పట్టికను దారి చూపే గుర్తుగా మాత్రమే వాడాలి.

ప్రమాదం జరిగిన తీరు

రోగిని తెచ్చిన అంబులెన్స్ సిబ్బంది నుండి, బంధువుల నుండి ప్రమాదం ఎలా జరిగిందో తెలుసుకోవడం పరిశీలనలో భాగం. స్టీరింగ్ ఛాతీకి గుద్దుకున్నదా, సీటు బెల్టు పెట్టుకున్నారా, ద్విచక్ర వాహనం నుండి ఎంత దూరం ఎగిరిపడ్డారు, వాహనంలో మరెవరైనా మరణించారా అన్నవి అడగవలసిన ప్రశ్నలు. సైకిల్ హ్యాండిల్ పొట్టలో గుచ్చుకున్న పిల్లలలో పైకి చిన్న గీత మాత్రమే కనిపించినా లోపల ప్లీహం, క్లోమం, ప్రేగులు దెబ్బతిని ఉండవచ్చు. ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణలలో తాటిచెట్టు మీది నుండి పడిన గీత కార్మికులలో వెన్నెముకతో పాటు కటి వలయాన్ని కూడా అనుమానించాలి.

ప్రాథమిక పరిశీలన

కంటికి కనిపించే భారీ రక్తస్రావాన్ని అదిమిపట్టి ఆపడం మొదటి పని. తరువాత శ్వాసమార్గం, శ్వాస, రక్తప్రసరణ, నాడీ మండల స్థితి, బట్టలు తొలగించి చూడడం అనే క్రమాన్ని పాటిస్తారు. అంతర్గత రక్తస్రావం దృష్ట్యా ఇందులో గమనించవలసినవి:

చర్మం: అరచేతులు, పాదాలు చల్లగా, చెమటగా ఉన్నాయా అని తాకి చూడాలి. పాలిపోవడాన్ని ముదురు రంగు చర్మం గలవారిలో పెదవుల లోపలి భాగం, కనురెప్పల లోపలి పొర, అరచేతులలో చూడాలి. గోరును నొక్కి వదిలినప్పుడు రంగు తిరిగి రావడానికి 2 సెకన్లకు మించి పడితే రక్తప్రసరణ తగ్గినట్లు అనుమానించాలి. చలిలో ఉన్న రోగిలో ఈ పరీక్ష తప్పుదారి పట్టించవచ్చు.

నాడి: వేగంతో పాటు బలాన్ని కూడా గమనించాలి. సన్నగా, వేగంగా కొట్టుకునే నాడి ప్రమాద సూచన. మణికట్టు వద్ద నాడి అందితే సిస్టాలిక్ రక్తపోటు కనీసం 80 ఉన్నట్లేనన్న పాత లెక్క నమ్మదగినది కాదు.

శ్వాస: వేగంగా శ్వాసించడం ఊపిరితిత్తుల గాయం వలననే కాక రక్త నష్టం వలన కూడా కలుగుతుంది. శ్వాసవేగాన్ని అంచనాతో వ్రాయక, నిమిషం పాటు లెక్కించడం మంచిది.

స్పృహ: అశాంతి, అటూ ఇటూ పొర్లడం, మాస్క్ లాగివేయడం, అసంబద్ధంగా మాట్లాడడం మెదడుకు రక్తం చాలడం లేదనడానికి గుర్తులు కావచ్చు. ఇటువంటి రోగిని మద్యం తాగి గొడవ చేస్తున్నాడని ప్రక్కన పెట్టడం ప్రాణాంతకమైన పొరపాటు. మద్యం వాసన వచ్చినప్పటికీ, రక్తస్రావం లేదని తేలేవరకు అది ఉన్నదనే భావించాలి. అదే పనిగా దాహం అనడం కూడా రక్త నష్టానికి సూచన.

కొలతలు, పునఃపరిశీలన

మొదటి రక్తపోటును చేతితో కొలవడం మంచిది. రక్తపోటు బాగా తగ్గిన రోగులలో యంత్రాలు అసలు కంటే ఎక్కువ అంకె చూపవచ్చు. ఆ తరువాత రోగి స్థితిని బట్టి 5 నుండి 15 నిమిషాలకు ఒకసారి అన్ని కొలతలనూ వేళతో సహా నమోదు చేయాలి.

రెండు చిన్న లెక్కలు ఇందులో ఉపయోగపడతాయి. ఒకటి, సిస్టాలిక్, డయాస్టాలిక్ అంకెల మధ్య తేడా. దీనిని పల్స్ ప్రెషర్ అంటారు. రక్తనాళాలు ముడుచుకున్నప్పుడు డయాస్టాలిక్ పెరిగి ఈ తేడా తగ్గుతుంది. రెండవది షాక్ ఇండెక్స్. నాడీ వేగాన్ని సిస్టాలిక్ రక్తపోటుతో భాగిస్తే ఇది వస్తుంది. 1967లో ఆల్గోవర్, బుర్రి అనే వైద్యులు దీనిని ప్రతిపాదించారు. ఆరోగ్యవంతులైన పెద్దవారిలో ఇది సుమారు 0.5 నుండి 0.7 వరకు ఉంటుంది. 0.9 దాటితే తీవ్రంగా పరిగణించాలి.

ఉదాహరణకు ద్విచక్ర వాహనం నుండి పడిన 25 ఏళ్ళ యువకుని కొలతలు ఇలా ఉన్నాయనుకుందాం:

* 9:00 గంటలకు: నాడి 92, రక్తపోటు 124/80, తేడా 44, షాక్ ఇండెక్స్ 0.74
* 9:15 గంటలకు: నాడి 104, రక్తపోటు 122/86, తేడా 36, షాక్ ఇండెక్స్ 0.85
* 9:30 గంటలకు: నాడి 118, రక్తపోటు 116/92, తేడా 24, షాక్ ఇండెక్స్ 1.02

మూడు సార్లూ సిస్టాలిక్ రక్తపోటు 110 పైనే ఉన్నది. విడిగా చూస్తే ఏ ఒక్క రక్తపోటూ భయపెట్టేది కాదు. వరుసగా చూస్తే మాత్రం ఈ రోగి లోపల రక్తం కోల్పోతున్నాడన్న అనుమానం బలపడుతుంది. 9:30 కొలత తరువాత వైద్యుని పిలవక, రక్తపోటు 90కి పడేవరకు వేచి ఉంటే, శరీరం తన సర్దుబాటు శక్తిని పూర్తిగా ఖర్చు చేసుకున్న తరువాత చికిత్స మొదలవుతుంది.

మూత్ర పరిమాణం మరొక ముఖ్య కొలత. పెద్దవారిలో గంటకు కిలో బరువుకు 0.5 మి.లీ., పిల్లలలో 1 మి.లీ. మూత్రం రావాలి. మూత్రద్వారం వద్ద రక్తం కనిపిస్తే మూత్రనాళం తెగి ఉండవచ్చు కాబట్టి, వైద్యుడు పరీక్షించే వరకు క్యాథెటర్ వేయరాదు.

తల నుండి పాదం వరకు పరిశీలన

ప్రాణాపాయ స్థితిని చక్కబెట్టిన తరువాత రోగిని పూర్తిగా పరిశీలిస్తారు. వెన్నెముక కదలకుండా ఒరిగించి వీపును కూడా చూడాలి. వెనుకనున్న కత్తిపోటు ముందునుండి చూసేవారికి కనపడదు.

* ఛాతీపై, పొట్టపై సీటు బెల్టు అచ్చు పడినట్లున్న కమిలిన గీత లోపలి అవయవాల గాయానికి సూచన.
* ఎడమవైపు క్రింది ప్రక్కటెముకలు విరిగితే ప్లీహాన్ని, కుడివైపువి విరిగితే కాలేయాన్ని అనుమానించాలి.
* భుజానికి దెబ్బ లేకున్నా ఎడమ భుజంలో నొప్పి ఉంటే దానిని కెర్ చిహ్నం అంటారు. ప్లీహం నుండి కారిన రక్తం ఉదరవితానాన్ని తాకడం వలన ఈ నొప్పి కలుగుతుంది.
* బొడ్డు చుట్టూ నీలిమను కల్లెన్ చిహ్నమని, నడుము ప్రక్కల నీలిమను గ్రే టర్నర్ చిహ్నమని అంటారు. ఇవి బయటపడడానికి అనేక గంటలు పడుతుంది కాబట్టి, తొలి గంటలో ఇవి లేకపోవడం ధైర్యమిచ్చే విషయం కాదు.
* కటి ఎముకలను అటూ ఇటూ ఊపి పరీక్షించరాదు. ఏర్పడిన గడ్డ కదిలి మరల రక్తస్రావం మొదలవుతుంది. అనుమానం ఉంటే తొడ ఎముక పైభాగపు ఉబ్బుల మట్టంలో బైండర్ కట్టాలి. బైండర్ లేనప్పుడు మడచిన దుప్పటితో బిగించవచ్చు. నడుము మట్టంలో కడితే ప్రయోజనం ఉండదు.
* కడుపు చుట్టుకొలతను టేపుతో కొలవడం నమ్మదగిన పద్ధతి కాదు.

పరీక్షలు

మంచం ప్రక్కనే చేసే అల్ట్రాసౌండ్ పరీక్షను ఫాస్ట్ అంటారు. గుండె చుట్టూ, కాలేయం - కుడి మూత్రపిండం మధ్య, ప్లీహం - ఎడమ మూత్రపిండం మధ్య, కటి కుహరంలో ద్రవం ఉన్నదేమో ఇందులో చూస్తారు. ఛాతీ రెండు ప్రక్కలనూ కలిపి చూస్తే ఇ-ఫాస్ట్ అంటారు. ఉదరం వెనుక భాగంలోని రక్తాన్ని ఈ పరీక్ష సరిగా చూపలేదు. మొదట రక్తం తక్కువగా ఉండి కూడా కనిపించకపోవచ్చు. అందుచేత ఫాస్ట్‌లో ఏమీ లేదన్న ఫలితంతో పరిశీలన ఆపరాదు.

సి.టి. స్కాన్ స్పష్టమైన సమాచారం ఇస్తుంది. కాని రక్తపోటు నిలకడగా లేని రోగిని స్కాన్ గదికి తరలించడం ప్రమాదకరం. తొలి రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ సాధారణంగా ఉన్నంత మాత్రాన రక్తం పోలేదనుకోరాదు. రక్తం మొత్తంగా పోయినప్పుడు, మిగిలిన రక్తపు చిక్కదనం వెంటనే మారదు. లాక్టేట్ పెరగడం, బేస్ డెఫిసిట్ పెరగడం కణజాలానికి ఆమ్లజని చాలడం లేదని తెలుపుతాయి.

మోసగించే సందర్భాలు

* వృద్ధులు: బీటా బ్లాకర్ మందులు వాడేవారిలో ఎంత రక్తం పోయినా నాడి పెరగకపోవచ్చు. ఎప్పుడూ అధిక రక్తపోటు ఉండే వృద్ధునిలో 110 అన్నది తక్కువ రక్తపోటే కావచ్చు. రక్తం గడ్డకట్టకుండా వాడే మందుల గురించి తప్పక అడగాలి.
* పిల్లలు: రక్తపోటును చాలాసేపు నిలబెట్టుకొని అకస్మాత్తుగా కుప్పకూలుతారు. ఒకటి నుండి పది ఏళ్ళ పిల్లలలో సిస్టాలిక్ రక్తపోటు కనీస హద్దును, వయస్సును రెండుతో హెచ్చించి 70 కలిపి లెక్కిస్తారు.
* గర్భిణులు: రక్త పరిమాణం సహజంగా పెరిగి ఉండడం వలన లక్షణాలు ఆలస్యంగా కనిపిస్తాయి. తల్లి బాగున్నట్లు కనిపించినా శిశువుకు రక్తం తగ్గిపోయి ఉండవచ్చు. 20 వారాలు దాటినవారిని ఎడమ ప్రక్కకు ఒరిగించి ఉంచాలి.
* వెన్నుపాము గాయం: ఇందులో రక్తపోటు తగ్గినా నాడి నెమ్మదిగా, చర్మం వెచ్చగా ఉంటుంది. అయినప్పటికీ రక్తస్రావం కూడా ఉండవచ్చు కాబట్టి ముందు దానినే వెదకాలి.
* ఆలస్యంగా చిట్లే ప్లీహం: ప్లీహం పొరలోపల గడ్డకట్టిన రక్తం కొన్ని రోజుల తరువాత కూడా చిట్లవచ్చు. ఇంటికి పంపే రోగికి కడుపునొప్పి, కళ్ళు తిరగడం, భుజం నొప్పి వస్తే వెంటనే తిరిగి రావాలని చెప్పాలి.

చికిత్సలో నర్సు పాత్ర

రక్తస్రావం ఉన్నదని అనుమానం కలగగానే ఆమ్లజని ఇచ్చి, రెండు చేతులకూ పెద్ద రంధ్రం గల క్యాన్యులాలు వేస్తారు. సిర దొరకకపోతే ఎముక మజ్జలోకి సూది వేస్తారు. గ్రూపు నిర్ధారణకు, క్రాస్ మ్యాచ్‌కు రక్తపు నమూనా తీసి, రోగి ప్రక్కనే పేరు వ్రాయాలి. సీసాలు మారితే తప్పుడు రక్తం ఎక్కే ప్రమాదం ఉన్నది.

సెలైన్ అధికంగా ఎక్కించడం మంచిదన్న పూర్వపు అభిప్రాయం మారిపోయింది. అది రక్తాన్ని పలుచన చేసి, చల్లబరచి, గడ్డకట్టే గుణాన్ని తగ్గిస్తుంది. శరీరం చల్లబడడం, రక్తం ఆమ్లగుణం పొందడం, గడ్డకట్టే శక్తి నశించడం అనే మూడూ ఒకదానినొకటి పెంచుతాయి. దీనిని మరణ త్రయం అంటారు. తడి బట్టలు తీసివేసి, పొడి దుప్పట్లు కప్పి, వెచ్చచేసిన ద్రవాలు ఎక్కించడం ఈ కారణంగా నర్సింగ్‌లో ముఖ్య విధి. పరిశీలన కోసం బట్టలు తీసిన రోగిని వెంటనే కప్పాలి.

40 దేశాలలో 20,000 మందికి పైగా క్షతగాత్రులపై జరిగి, 2010లో వెలువడిన క్రాష్-2 అధ్యయనంలో ట్రానెక్సామిక్ ఆమ్లం మరణాలను తగ్గిస్తుందని తేలింది. పెద్దవారికి 1 గ్రామును 10 నిమిషాలలో, తరువాత మరొక గ్రామును 8 గంటలలో ఇస్తారు. గాయమైన 3 గంటలలోపు మొదలుపెడితేనే మేలు కలుగుతుంది. ఆ తరువాత ఇస్తే హాని జరగవచ్చు. అందుచేత గాయమైన వేళను కేసు షీటులో వ్రాయడం చికిత్సను నిర్ణయించే విషయం.

ఇవన్నీ సమయాన్ని సంపాదించే ఉపాయాలే. రక్తస్రావాన్ని ఆపేది శస్త్రచికిత్స లేదా రక్తనాళాన్ని మూసే చికిత్స. కాబట్టి వైద్యునికి సమాచారం అందించేటప్పుడు "రోగి బాగోలేడు" అనడం కంటే, అరగంటలో నాడి 92 నుండి 118కి పెరిగినదని, పల్స్ ప్రెషర్ 44 నుండి 24కి తగ్గినదని, చేతులు చల్లబడినవని అంకెలతో చెప్పడం వలన నిర్ణయం త్వరగా జరుగుతుంది.

ప్రమాద స్థలంలో సామాన్యులు చేయవలసినవి

ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్‌లో 2005 ఆగస్టు 15న 108 అంబులెన్స్ సేవలు ప్రారంభమయ్యాయి. ప్రమాదం చూసినవారు ముందుగా ఈ సంఖ్యకు ఫోన్ చేయాలి. బయటికి కారే రక్తాన్ని శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమిపట్టాలి. అనవసరంగా కదిలించకుండా, చలి తగలకుండా కప్పాలి. దాహమన్నా నీళ్ళు త్రాగించరాదు. వాంతి అయి శ్వాసమార్గంలోకి పోవచ్చు, శస్త్రచికిత్సకు మత్తు ఇచ్చేటప్పుడు కూడా అది ప్రమాదకరం. గాయమైన వేళను గుర్తుంచుకొని సిబ్బందికి చెప్పాలి. పైకి గాయం కనిపించని వ్యక్తి లేచి నడిచినా, చల్లని చెమటలు, పాలిపోవడం, కళ్ళు తిరగడం, కడుపునొప్పి ఉంటే ఆసుపత్రికి పంపాలి. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం, సదుద్దేశంతో క్షతగాత్రులకు సహాయపడినవారికి న్యాయపరమైన రక్షణ ఉన్నది. పోలీసు కేసుల భయంతో వెనుకాడనవసరం లేదు.